'ఆర్డర్' అంటే ఏ ఆర్డర్? స్పానిష్ క్లయింట్లతో పనిచేసేవారికి

మీ టీమ్‌కి స్పానిష్ మాట్లాడే దేశాల పని వచ్చిందనుకోండి. మెక్సికో ప్లాంటుకి శాప్ సపోర్ట్ కావచ్చు, స్పెయిన్‌లోని రిటైల్ కంపెనీకి షాపింగ్ యాప్ కావచ్చు, చిలీ, కొలంబియా సప్లయర్ల ఇన్‌వాయిస్‌లు సరిచూసే అకౌంట్స్ పని కావచ్చు. మొదట్లో అందరూ భయపడేది పెద్ద మాటలకే. లీగల్ పదాలు, ట్యాక్స్ పదాలు ఒక షీట్‌లో రాసుకుంటారు, అనుమానం వస్తే అడుగుతారు. అందుకే వాటి దగ్గర తప్పులు తక్కువ. తప్పులు ఎక్కువగా జరిగేది 'ఆర్డర్' లాంటి చిన్న మాట దగ్గర. ఆ మాట తెలుసన్న నమ్మకంతో చేసేవారు ఆగరు, రివ్యూ చేసేవారూ ఆగరు. నేరుగా ప్రొడక్షన్‌లోకి వెళ్లిపోతుంది. కస్టమర్ చూసి చెప్పాకే మనకు తెలుస్తుంది.

ఇంగ్లీష్‌లో ఈ ఒక్క మాట చాలా పనులు చేస్తుంది. కొనుగోలు, ఆజ్ఞ, వరుస, కోర్టు ఉత్తర్వు, శాంతిభద్రతలు, హోటల్లో చెప్పిన భోజనం, అన్నీ ఆర్డరే. స్పానిష్ ఈ అర్థాలను వేర్వేరు మాటలకు పంచింది. కొన్నిచోట్ల మాట ఒకటే ఉంచి లింగం మార్చింది. కొన్నిచోట్ల దేశాన్ని బట్టి మార్చింది. డిక్షనరీలో మొదట కనిపించిన అర్థం తీసుకుని అన్ని చోట్లా అతికిస్తే పని చెడుతుంది.

మనకు ఇంకో ఇబ్బంది ఉంది. తెలుగులోనూ ఆర్డర్ అన్న మాటను అన్ని అర్థాల్లో వాడేస్తాం. బిర్యానీ ఆర్డర్ పెట్టామంటాం, ట్రాన్స్‌ఫర్ ఆర్డర్లు వచ్చాయంటాం, ఫైళ్లు ఆర్డర్‌లో పెట్టమంటాం, కోర్టు ఆర్డర్ ఇచ్చిందంటాం. దాంతో ఇది ఒకటే మాట అన్న భావన మనసులో గట్టిపడిపోయింది. మందు కూడా తెలుగులోనే ఉంది. ఆ ఇంగ్లీష్ మాట తీసేసి వాక్యాన్ని అచ్చ తెలుగులో ఒకసారి చెప్పి చూడండి. 'వరుస' లేదా 'క్రమం' అని వస్తే స్పానిష్‌లో అది 'ఎల్ ఓర్దెన్', పుంలింగం. 'ఆజ్ఞ' లేదా 'ఉత్తర్వు' అని వస్తే 'లా ఓర్దెన్', స్త్రీలింగం. 'కొనుగోలు' అని వస్తే ముందుగా ఆలోచించాల్సిన మాట 'పెదీదో'. నూటికి నూరుపాళ్లూ కుదిరే సూత్రం కాదు గానీ, పనివేళల్లో ఎదురయ్యే కేసుల్లో చాలావాటిని ఇది అక్కడికక్కడే తేల్చేస్తుంది. కొత్తగా టీమ్‌లో చేరినవారికి మొదటి రోజే ఇది నేర్పడం మంచిది.

పెదీదోనా, ఓర్దెనా?

కస్టమర్ ఒక వస్తువు కొంటే ఆ కొనుగోలు పెదీదో. స్పెయిన్‌లో అయినా మెక్సికోలో అయినా, అర్జెంటీనాలో అయినా ఈ మాట అర్థమవుతుంది. అందుకే ఏ దేశానికి వెళ్తుందో తెలియని స్క్రీన్ మీద, ఈమెయిల్‌లో, ఎస్ఎంఎస్‌లో కొనుగోలు అన్న అర్థానికి పెదీదో పెట్టుకోవడం క్షేమం. లాటిన్ అమెరికాలో చాలాచోట్ల ఓర్దెన్ కూడా ఇదే అర్థంలో నడుస్తుంది. స్పెయిన్‌లో ఆన్‌లైన్ కొనుగోలును ఓర్దెన్ అంటే అర్థమవుతుంది గానీ బయటివారి భాషలా వినిపిస్తుంది.

పర్చేజ్ ఆర్డర్ అన్న డాక్యుమెంట్ దగ్గర లెక్క మారుతుంది. దాన్ని 'ఓర్దెన్ దే కొంప్రా' అనడం లాటిన్ అమెరికాలో సర్వసాధారణం. చిలీ ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ మెర్కాదో పూబ్లికోలో ఆ డాక్యుమెంట్ పేరే అది. మెయిళ్లలో దాన్ని 'ఓసీ' అని రెండక్షరాల్లో రాస్తారు. శాప్ స్పానిష్ స్క్రీన్లలో మాత్రం పర్చేజ్ ఆర్డర్‌కి పెదీదో అని, ప్రొడక్షన్ ఆర్డర్‌కి ఓర్దెన్ అని కనిపిస్తుంది. అంటే చిలీ క్లయింట్ నోట ఓర్దెన్, అదే క్లయింట్ సిస్టమ్ స్క్రీన్ మీద పెదీదో, రెండూ ఒకే కాగితం. ఇంకో ఫోన్ కాల్‌లో అదే మనిషి ఓర్దెన్ అంటే ప్రొడక్షన్ ఆర్డర్ కావచ్చు. అందుకే సపోర్ట్ కాల్‌లో 'ఏ ఆర్డర్?' అని అడిగి ఊరుకోవద్దు. డాక్యుమెంట్ నంబర్ అడగండి, ట్రాన్సాక్షన్ కోడ్ అడగండి. నంబర్, కోడ్ తెలిశాక ఇక మాట మీద ఆధారపడాల్సిన అవసరం ఉండదు.

మెయింటెనెన్స్ టీముల్లో వర్క్ ఆర్డర్‌ని 'ఓర్దెన్ దే త్రబాహో' అంటారు, పొట్టిగా 'ఓటీ'. ఇది ఫలానా పని చేయమని ఇచ్చే ఆదేశం కాబట్టి ఓర్దెనే, స్త్రీలింగమే. ఓర్దెన్ ఒక డాక్యుమెంట్ పేరులో వచ్చిందంటే దాదాపు ఎప్పుడూ 'లా' అనే చేరుతుంది. మెయిల్‌లో ఓటీ చూసి ఓవర్‌టైమ్ అనుకోవద్దు.

హోటళ్ల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త కావాలి. స్పెయిన్‌లో వెయిటర్ రాసుకునే ఆర్డర్ 'కొమాందా'. భోజనం చెప్పడానికి అక్కడ 'పెదీర్' అనే క్రియ వాడతారు. లాటిన్ అమెరికాలో 'ఒర్దెనార్' అని కూడా అంటారు. స్పెయిన్‌లో ఒర్దెనార్ అంటే వరుసలో పెట్టడం, సర్దడం, లేదా ఆజ్ఞాపించడం. మెక్సికోలో మరో అర్థం కూడా ఉంది. 'ఉనా ఓర్దెన్ దే తాకోస్' అంటే ఒక ప్లేటు తాకోలు. ప్లేటుకి ఎన్ని అన్నది ఆ కొట్టు లెక్క. ఇప్పుడు ఒక ఫుడ్ డెలివరీ కంపెనీ డేటా మీ దగ్గరికి వచ్చిందనుకోండి. ఐటమ్ టేబుల్‌లో 'ఓర్దెనెస్' అనే కాలమ్ ఉంది. ఒకే కస్టమర్ ఒకే బిల్లులో మూడు ప్లేట్లు చెప్పాడు. ఆ కాలమ్ మొత్తం కూడి 'ఈ నెల ఆర్డర్ల సంఖ్య' అని డాష్‌బోర్డ్ కట్టేస్తే, సగటు బిల్లు విలువ అసలు కంటే తక్కువ చూపిస్తుంది. మేనేజర్ ఆ సంఖ్య చూసి డిస్కౌంట్లు తగ్గించమనవచ్చు. తర్వాత నిజం తేలినప్పుడు అడిగేది డాష్‌బోర్డ్ కట్టినవారినే. కాలమ్ పేరును చూసి అర్థం ఊహించకుండా, ఒక పూర్తి బిల్లు తెప్పించుకుని వరుసవరుసగా పోల్చి ఉంటే గంటలో తేలిపోయే పని ఇది.

డేటా పనిలో దొరికిపోయేది ఇక్కడే

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది, నా అంచనాలో, 'నూమెరో దే ఓర్దెన్'. చూడగానే ఆర్డర్ నంబర్ అనిపిస్తుంది. స్పెయిన్ ఫారాల్లో, ప్రభుత్వ పట్టికల్లో అది మామూలుగా క్రమసంఖ్య, మన వరుస నంబర్. ఆర్డర్ నంబర్ అయితే 'నూమెరో దే పెదీదో' అని ఉంటుంది. లాటిన్ అమెరికాలో నూమెరో దే ఓర్దెన్ రెండింట్లో ఏదైనా కావచ్చు. ఒక్కోసారి షీట్‌లో ఉట్టి 'ఓర్దెన్' అనే హెడింగ్ ఉంటుంది. అది క్రమసంఖ్యో, పర్చేజ్ ఆర్డరో, మెయింటెనెన్స్ ఆర్డరో ఆ హెడింగ్ చెప్పదు.

ఒక కేసు చూద్దాం. స్పెయిన్ సప్లయర్ల ఓపెన్ ఇన్‌వాయిస్‌లను పాత సిస్టమ్ నుంచి కొత్త ఈఆర్‌పీలోకి తేవాలి. ఫైల్‌లో నూమెరో దే ఓర్దెన్ అన్న కాలమ్ ఉంది. మ్యాపింగ్ చేసే కుర్రాడు దాన్ని పీవో (పర్చేజ్ ఆర్డర్) రిఫరెన్స్ ఫీల్డ్‌కి కలిపాడు. లోడ్ ఎర్రర్ లేకుండా పూర్తయింది, ఎందుకంటే ఆ ఫీల్డ్ ఏ సంఖ్యనైనా తీసుకుంటుంది. తర్వాత త్రీ-వే మ్యాచ్ నడిచింది. పీవో, గూడ్స్ రిసీట్, ఇన్‌వాయిస్ మూడూ కలవాలి. పీవో నంబర్ స్థానంలో 1, 2, 3 ఉంటే ఏదీ కలవదు. ఇన్‌వాయిస్‌లన్నీ బ్లాక్ అవుతాయి, సప్లయర్ల పేమెంట్లు ఆగుతాయి, ఆగిన ప్రతి పేమెంట్‌కీ ఒక ఫోన్ కాల్ వస్తుంది.

దీన్ని ఆపడానికి స్పానిష్ రానక్కర్లేదు. కాలమ్‌లోని విలువలు చూస్తే చాలు. ఒకటి నుంచి మొదలై ఒక్కొక్కటి పెరుగుతూ పోతే అది క్రమసంఖ్య. ఒకే సంఖ్య చాలా వరుసల్లో మళ్లీ మళ్లీ వస్తే, అంకెల పొడవు ఒకేలా ఉంటే, అది డాక్యుమెంట్ నంబర్ అయ్యే అవకాశం ఎక్కువ. మ్యాపింగ్ షీట్‌లో ఒక కాలమ్ పెంచి, ప్రతి సోర్స్ ఫీల్డ్ పక్కనా మూడు అసలు విలువలు అతికించి, బిజినెస్ యూజర్ చేత సైన్-ఆఫ్ చేయించండి. ఫీల్డ్ పేరుకి మాత్రమే ఇచ్చిన సైన్-ఆఫ్ రేపు మిమ్మల్ని కాపాడదు.

సెర్చ్ దగ్గర ఇంకో చిక్కు. ఏకవచనం ఓర్దెన్‌కి యాక్సెంట్ గుర్తు లేదు. బహువచనం ఓర్దెనెస్‌కి మొదటి 'ఓ' మీద గుర్తు తప్పనిసరి. పెద్ద అక్షరాల్లో రాసినా గుర్తు పెట్టాలన్నది రాయల్ స్పానిష్ అకాడమీ నియమం. జనం మాత్రం పెద్ద అక్షరాల్లో దాన్ని వదిలేస్తుంటారు. మీ ఫిల్టర్ గుర్తు ఉన్నదాన్ని ఒకటిగా, లేనిదాన్ని మరొకటిగా చూస్తే సగం రికార్డులు దొరకవు. డేటాబేస్ కొలేషన్ యాక్సెంట్లను పట్టించుకుంటుందా లేదా అన్నది టెస్టింగ్ మొదటి రోజే చూసుకోండి. వెతికేటప్పుడు గుర్తులు పట్టించుకోకుండా వెతకండి. నిల్వ చేసేటప్పుడు, చూపించేటప్పుడు మాత్రం గుర్తులు తీసేయకండి. గుర్తు లేని రూపం స్పానిష్‌లో వేరే మాట, ఒక క్రియారూపం అవుతుంది, చదివేవారికి అది అక్షరదోషంలా కనబడుతుంది.

బటన్ మీద ఒక్క మాట

యాప్ పనిలో ఉన్నవారికి చెప్పాల్సింది వేరు. డెవలపర్ స్ట్రింగ్స్ ఫైల్‌లో 'ఆర్డర్' అని ఒకటే పెట్టి మూడు చోట్ల వాడతాడు. కొనే బటన్ మీద అది క్రియ. కస్టమర్ పాత కొనుగోలు పేజీ హెడింగ్‌లో నామవాచకం. ప్రొడక్టులను ధర ప్రకారం పేర్చే మెనూలో వరుస అన్న అర్థం. ఇంగ్లీష్‌లో మూడింటికీ సరిపోయింది కాబట్టి డెవలపర్‌కి ఇందులో తప్పు కనబడదు. ట్రాన్స్‌లేటర్‌కి ఎక్సెల్ షీట్‌లో ఆ ఒక్క మాటే వెళ్తుంది, స్క్రీన్ వెళ్లదు. ఆయన ఒర్దెనార్ అని రాస్తే మెనూ సరిగ్గా ఉంటుంది, కొనే బటన్ మీద స్పెయిన్ యూజర్‌కి 'వరుసలో పెట్టు' అని కనిపిస్తుంది. పెదీదో అని రాస్తే హెడింగ్ సరిపోతుంది, మిగతా రెండూ పోతాయి.

పరిష్కారం డెవలపర్ చేతిలోనే ఉంది. ఒకే ఇంగ్లీష్ మాట అయినా అర్థానికో కీ ఇవ్వాలి, ప్రతి కీకి అది ఏ స్క్రీన్‌లో ఏ పని చేస్తుందో కామెంట్ రాయాలి. గెట్‌టెక్స్ట్ వాడే ప్రాజెక్టుల్లో ఇందుకోసమే కాంటెక్స్ట్ ఫీల్డ్ ఉంది. అది ఖాళీగా వదిలేసి ట్రాన్స్‌లేటర్‌ని తప్పుపట్టడం న్యాయం కాదు. స్పెయిన్‌కి, లాటిన్ అమెరికాకి వేర్వేరు ఫైళ్లు పెట్టే స్తోమత ప్రాజెక్టుకి ఉంటే పెట్టండి. లొకేల్ కోడ్‌లో స్పానిష్ పక్కన 419 అని కనిపిస్తే అది లాటిన్ అమెరికా, కరీబియన్ ప్రాంతానికి ఐక్యరాజ్యసమితి ఇచ్చిన నంబర్. ఒకే ఫైల్‌తో సరిపెట్టాల్సి వస్తే అన్ని దేశాల్లో నడిచే మాటలే ఎంచుకోండి.

ట్రాన్స్‌లేషన్ మెమరీ వాడే టీముల్లో ఇదే తప్పు వెయ్యి చోట్లకు పాకుతుంది. పాత ప్రాజెక్టులో ఒకసారి ఒర్దెనార్ అని సేవ్ అయితే, కొత్త ప్రాజెక్టులో నూరు శాతం మ్యాచ్ అని చూపిస్తుంది. నూరు శాతం మ్యాచ్‌లకు రేటు తక్కువ ఇస్తారు కాబట్టి ఎవరూ తెరిచి చూడరు. ఒకే ఒక్క మాట ఉన్న సెగ్మెంట్లను మ్యాచ్ శాతంతో సంబంధం లేకుండా చూడాలని వెండర్‌తో ముందే ఒప్పందం రాసుకోండి. ఖర్చు స్వల్పం, ఎందుకంటే అలాంటి సెగ్మెంట్ల సంఖ్య పెద్దగా ఉండదు.

మెషీన్ ట్రాన్స్‌లేషన్ గురించి కూడా ఒక మాట. పూర్తి వాక్యం ఇస్తే అర్థాన్ని బాగానే పట్టుకుంటుంది, ఒంటరి మాట ఇస్తే ఊహిస్తుంది. చాలామంది నమ్ముకునే పరీక్ష ఏమిటంటే, వచ్చిన స్పానిష్‌ని తిరిగి ఇంగ్లీష్‌లోకి మార్చి చూడటం. ఈ మాట విషయంలో ఆ పరీక్ష పనికిరాదు. ఒర్దెనార్‌ని వెనక్కి తిప్పితే మళ్లీ 'ఆర్డర్' అనే రావచ్చు. ఓర్దెన్‌ని తిప్పినా అదే. తప్పు అర్థం కూడా ఒప్పులాగే తిరిగొస్తుంది. మేనేజర్‌కి 'బ్యాక్ ట్రాన్స్‌లేషన్ చేశాం, క్లీన్‌గా ఉంది' అని రిపోర్ట్ పంపే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

స్పానిష్ నుంచి ఇటు చదివేటప్పుడు

అటువైపు నుంచి వచ్చిన మెయిల్ చదివేవారు పడే గోతులు వేరే ఉన్నాయి. బయ్యర్ రాసిన వాక్యంలో 'దెల్ ఓర్దెన్ దే 500' అని ఉంది. 500 యూనిట్లకు ఆర్డర్ ఇచ్చేశాడని సేల్స్ సపోర్ట్‌లో ఒకరు సిస్టమ్‌లో ఎక్కించారు. అసలు ఆ పదబంధానికి అర్థం 'సుమారు 500'. బయ్యర్ ఇంకా అంచనా మాత్రమే చెప్తున్నాడు. మెయిల్‌లోని వాక్యం మీద ఆర్డర్ ఎక్కించవద్దు. డాక్యుమెంట్, అందులో పరిమాణం, ధర, తేదీ ఉన్నప్పుడే ఎక్కించండి. ఒత్తిడి ఎంతున్నా, క్వార్టర్ చివరి వారమైనా ఇది తప్పించకూడదు. సేల్స్ వారికి టార్గెట్ కావాలి కాబట్టి తొందరపెడతారు. ఆర్డర్ రద్దయినప్పుడు సిస్టమ్‌లో కనిపించేది మాత్రం మీ యూజర్ ఐడీ.

పెదీదో కూడా ఎప్పుడూ కొనుగోలు కాదు. అది 'పెదీర్', అంటే అడగడం, అన్న క్రియకు భూతకాల రూపం కూడా. 'ఆ పెదీదో' అంటే అడిగాడు అని. 'వివరణ అడిగాం', 'సెలవు అడిగాడు', 'పాస్‌వర్డ్ మార్చమని అడిగాం' లాంటి వాక్యాలన్నిట్లో ఈ మాటే ఉంటుంది. టికెట్లను కీవర్డ్ చూసి టీములకు పంచే రూల్ రాసేవారు పెదీదో కనబడగానే ఆర్డర్ డెస్క్‌కి పంపేస్తే, ఆర్డర్‌తో సంబంధం లేని ఫిర్యాదులు అక్కడ పేరుకుంటాయి. ఎస్‌ఎల్‌ఏ గడియారం అక్కడే తిరుగుతూ ఉంటుంది. ఒంటరి మాట మీద రూల్ రాయకండి. ముందు 'ఎల్', 'మీ', 'సు' లాంటి మాటలో, తర్వాత నంబరో ఉంటేనే ఆర్డర్‌గా లెక్కించండి, మిగతావి మనిషి చూసే క్యూలో వేయండి.

మీటింగ్ ముందు వచ్చే మెయిల్‌లో 'ఎల్ ఓర్దెన్ దెల్ దీయా' అని ఉంటే అది అజెండా. 'ఈ రోజు ఆర్డర్లు' కాదు. అదే పదబంధం 'లా'తో వస్తే సైన్యంలో రోజువారీ ఉత్తర్వు, మన ఆఫీసుల్లో దాంతో పని పడదు. ఇంకొకటి ఉంది, దాన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. ఫలానాది 'ఆ లా ఓర్దెన్ దెల్ దీయా' ఉంది అంటే అది మామూలైపోయింది, రోజూ జరుగుతోంది అని. డెలివరీ ఆలస్యాలు అలా ఉన్నాయని క్లయింట్ రాస్తే, ఆయన ఆలస్యాలను మీటింగ్ అజెండాలో పెట్టలేదు, ఆలస్యాలకు అంతు లేకుండా పోయిందని ఫిర్యాదు చేస్తున్నాడు. దాన్ని అజెండాగా చదివి 'సరే, గురువారం కాల్‌లో మాట్లాడదాం' అని చల్లగా జవాబిస్తే, ఎస్కలేషన్ పైవారికి వెళ్తుంది.

'పోర్ ఓర్దెన్ దే' తర్వాత ఏం వచ్చిందో చూడాలి. 'యెగాదా' వస్తే ముందొచ్చినవారికి ముందు అన్న వరుస. 'హుఎస్', అంటే న్యాయమూర్తి, వస్తే కోర్టు ఉత్తర్వు ప్రకారం అని. రెండింటికీ పొంతన లేదు. 'ఆ లా ఓర్దెన్' సంగతీ అలాంటిదే. కొలంబియాలో దుకాణదారు అలా అంటే 'చెప్పండి, ఏం కావాలి' అని, లేదా మీరు థాంక్స్ చెబితే 'పర్లేదండీ' అని. చెక్కు మీదా, ప్రామిసరీ నోటు మీదా, షిప్పింగ్ వారి బిల్ ఆఫ్ లేడింగ్ మీదా అదే మాట ఉంటే అది చట్టపరమైన షరతు. దాన్నిబట్టి ఆ కాగితాన్ని ఎండార్స్ చేసి మరొకరికి బదిలీ చేయవచ్చు. షిప్పింగ్ డాక్యుమెంటేషన్‌లో పనిచేసేవారు ఆ గడిలోని మాటను స్వయంగా తర్జుమా చేయకూడదు. ఉన్నది ఉన్నట్టు ఎక్కించి, పక్కన బ్యాంకు లేదా ఫ్రైట్ ఫార్వర్డర్ ధ్రువీకరణ తీసుకోవాలి.

ఓర్దెన్ అసలు ఇంగ్లీష్ ఆర్డర్ కాని చోట్లు కూడా ఉన్నాయి. మెక్సికోలో 'ఓర్దెన్ దే అప్రెయెన్సియోన్' అంటే అరెస్టు వారంటు, 'ఓర్దెన్ దే కతేయో' అంటే సోదా వారంటు. కేవైసీ, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ పనిలో వార్తలు చదివి రిపోర్ట్ రాసేవారు దీన్ని ఏదో ఆఫీసు ఉత్తర్వు అనుకుని దాటేస్తే, తర్వాత ఆడిట్ ఆ ఫైల్ దగ్గరే ఆగుతుంది. స్పెయిన్‌లో 'ఓర్దెన్ మినిస్తెరియాల్' అంటే మాత్రం మంత్రిత్వ శాఖ ఇచ్చే ఉత్తర్వే. మన జీవోతో పోల్చుకుంటే సులువుగా గుర్తుంటుంది.

ఇక ఇంగ్లీష్‌లో ఆర్డర్ ఉండి స్పానిష్‌లో ఓర్దెన్ ఊసే లేనివి గబగబా చెప్పేస్తాను. మెషీన్ మీద అంటించే 'అవుటాఫ్ ఆర్డర్' స్పానిష్‌లో 'ఫుఎరా దే సెర్వీసియో'. 'ఇన్ ఆర్డర్ టు' అన్నది ఉట్టి 'పారా', రెండక్షరాల్లో అయిపోతుంది, మాన్యువల్స్ రాసేవారు దాన్ని లాగి పొడిగించకండి. మనీ ఆర్డర్‌ని పోస్టాఫీసు వ్యవహారంలో 'ఖీరో పోస్తాల్' అంటారు. కొలతలిచ్చి చేయించుకున్నది 'ఆ మెదీదా', ముందుగా చెప్పి చేయించుకున్నది 'పోర్ ఎన్‌కార్గో'. దీనికి తిరగబడినది కూడా ఒకటుంది: స్పెయిన్‌లో 'ఒర్దెనదోర్' అంటే కంప్యూటర్, ఆర్డర్ ఇచ్చే మనిషి కాదు. లాటిన్ అమెరికాలో దాన్ని 'కొంపుతదోరా' లేదా 'కొంపుతదోర్' అంటారు.

ఆసుపత్రి, కోర్టు పనుల్లో నా సలహా ఒక్కటే, మీకు స్పానిష్ బాగా వచ్చినా మీరు చేయకండి. అమెరికాలో చాలామంది తెలుగువారు హెల్త్‌కేర్ ఐటీలోనూ, ఆసుపత్రుల్లోనూ ఉన్నారు. కాస్త స్పానిష్ వచ్చినవారిని 'ఈ పేషెంట్‌కి ఇది చెప్పు' అని పక్కవారు పిలుస్తుంటారు. డాక్టర్ ఇచ్చిన ఆర్డర్, పేషెంట్ అడిగినది, ప్రాణం పోసే ప్రయత్నం వద్దన్న ఆర్డర్, ఇవన్నీ ఒకే మాట చుట్టూ తిరుగుతాయి. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు అర్హత ఉన్న ఇంటర్‌ప్రెటర్‌ని ఇవ్వాలని 2010 నాటి అఫర్డబుల్ కేర్ యాక్ట్‌లోని 1557 సెక్షన్ కింద నియమాలున్నాయి. ఇంటర్‌ప్రెటర్ లైన్‌కి ఫోన్ చేయమనండి. ఇది సాయం చేయకపోవడం కాదు, పేషెంట్‌కి హక్కుగా ఉన్నదాన్ని ఇప్పించడం.

స్పానిష్‌తో కెరీర్ పెంచుకోవాలనుకునేవారు సర్టిఫికెట్ ముందా, పని ముందా అని అడుగుతుంటారు. రెండూ కావాలి. హైదరాబాద్‌లో ఇఫ్లూ యూనివర్సిటీ ఉంది, అక్కడ స్పానిష్ చెబుతారు. స్పానిష్ పరీక్షల్లో డెలే సర్టిఫికెట్‌కి కాలపరిమితి లేదు. సియెలే 5 సంవత్సరాలు చెల్లుతుంది, అందులో పాస్, ఫెయిల్ ఉండవు, గ్లోబల్ పరీక్షకు 1000 పాయింట్లకు స్కోరు వస్తుంది. రెజ్యూమెలో స్థాయి రాసుకోండి, కానీ ఇంటర్వ్యూలో మిమ్మల్ని మిగతావారి నుంచి వేరుచేసేది అది కాదు. 'మీ క్లయింట్ ఏ దేశం? ఆర్డర్ అంటే మీ సిస్టమ్‌లో ఏ డాక్యుమెంట్?' అని ఎదురు అడిగే అభ్యర్థిని పని తెలిసినవారు వెంటనే గుర్తుపడతారు.

అలా అడగడానికి కూడా పద్ధతి ఉంది. క్లయింట్‌కి 'దీని అర్థం ఏమిటి?' అని రాస్తే మీకు పని రాదనుకుంటారు. అర్థాలు మీరే ముందు పెట్టి ఎంచుకోమనండి: ఈ ఫీల్డ్‌లో ఉన్నది పర్చేజ్ ఆర్డర్ నంబరా, లైన్ క్రమసంఖ్యా, ఇవిగో మూడు విలువలు, బుధవారం లోపు చెబితే శుక్రవారం లోడ్‌లో పెడతాం. ఇలాంటి మెయిల్‌కి ఒక్క పదంలో జవాబు వస్తుంది. జవాబు వచ్చాక దాన్ని మెయిల్‌లోనే వదిలేయకండి. టీమ్ పదాల పట్టికలో మాట, అర్థం, లింగం, దేశం, ఎవరు ధ్రువీకరించారు, ఏ తేదీన అన్నవి నింపండి. మీరు ప్రాజెక్ట్ మారాక మీ స్థానంలో వచ్చేవారికి అదే ఆధారం, మధ్యలో తప్పు ఎవరిదన్న చర్చ వస్తే మీకూ అదే.

జవాబు రాకుండానే గడువు వచ్చేస్తే ఏం చేయాలి? స్క్రీన్ మీదైతే కొనుగోలుకి పెదీదో, వరుసకి ఒర్దెనార్ పోర్ పెట్టి ముందుకు వెళ్లండి. ఈ రెండూ ఏ దేశంలోనూ తప్పు కావు. డేటా ఫీల్డ్ అయితే ఊహించి మ్యాప్ చేయకండి. ఖాళీగా ఉంచి, అసలు విలువను ఒక రిమార్క్స్ ఫీల్డ్‌లో భద్రపరచి, రిలీజ్ నోట్‌లో ఓపెన్ ఐటమ్‌గా రాసి, మేనేజర్‌కి ముందురోజే చెప్పండి. ఖాళీ ఫీల్డ్‌ని తర్వాత ఒక్క స్క్రిప్ట్‌తో నింపవచ్చు. తప్పుగా నిండి, దాని మీద పేమెంట్లు, రిపోర్టులు నడిచిపోయిన ఫీల్డ్‌ని సరిచేయాలంటే ప్రతి రికార్డునూ విడిగా తెరిచి చూడాల్సి వస్తుంది.